రెండో నిమిషంలో పోయిన ఆట

యలహంక,
10 ఆగస్టు 2008, ఆదివారం.

చెల్లెలు బేబీకి,

ఫర్హానా అక్క సలాములు. ఉత్తరం మొదట్లో అవతలివాళ్ళు క్షేమంగా ఉన్నారని తలుస్తున్నట్టు రాయాలని హిందూపురం బడిలో నేర్పారు. నీకూ అదే బడి, అదే పాఠం. నువ్వు క్షేమంగా లేవని తెలిసాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ నేనూ మా ఆయనా బాగానే ఉన్నాం. యలహంకలోనే, పాత ఊరివైపు ఇల్లు. రోజూ బస్సులో ఆఫీసుకి వెళ్ళొస్తాను. మా విశేషాలు ఇంతకంటే ఏమీ లేవు.

నీ సంగతి ఎలా తెలిసిందో చెప్తాను. పోయిన నెల మా ఖాలా కూతురి నికా ఉంటే హిందూపురం ప్యాసింజరు ఎక్కాను. దొడ్డబళ్ళాపురంలో మీ చెల్లెలు అంజినమ్మ అదే పెట్టెలోకి ఎక్కింది. నేను గుర్తుపట్టలేదు. తనే దగ్గరికి వచ్చి, "నువ్వు ఫుట్‌బాల్ ఫర్హానక్కవు కదా? బాగుండావా?" అంది. నిన్ను చూసి వస్తున్నానని చెప్పింది. నువ్వెలా ఉన్నావని మామూలుగానే అడిగాను. పక్కకు జరిగి చోటిచ్చాను. గౌరిబిదనూరు వచ్చేదాకా ఆపకుండా చెప్పింది.

నువ్వు దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పని చేస్తున్నావట. మీ ఆయన తిరుపాలు నిన్ను తన ఇంట్లో ఉండనివ్వడం లేదట. షెడ్డు వెనక ఒక గదిలో ఒక్కదానివే ఉంటున్నావట. మగ్గాల సద్దులో ఉంటేనే నీకు నెమ్మదిగా ఉంటుందట, ఎందుకంటే అక్కడ ఎవరు పిలిచినా ఎవరికీ వినపడదు. బయటికి వస్తే కష్టమట. ఎవరైనా "బేబీ" అని పిలిస్తే నువ్వు తిరగవట. నిజంగా పిలిచారో, నీకే అలా అనిపించిందో తేల్చుకోవడానికి రెండోసారి పిలిచేదాకా ఆగుతావట. అంజినమ్మ చెప్తూ చెప్తూ ఏడ్చింది. "మా యక్కకు ఆ ఆట పెట్టిన రోగము" అంది.

పాప సంగతి కూడా చెప్పింది. నువ్వు పెరట్లో బట్టలు ఉతుకుతున్నావట. లోపల పాప పొయ్యి దగ్గరికి పాకి గంజి గిన్నె లాగిందట. మొదటి ఏడుపు నీకు వినపడిందని నువ్వే అందరికీ చెప్పావట. వినపడినా సబ్బునీళ్ళలో చేతులు పెట్టుకుని అలాగే నిలబడ్డావట, మళ్ళీ వినపడుతుందా లేదా అని. ఆ కాస్త సేపట్లో చెయ్యి మోచేతిదాకా కాలిపోయిందట. పాపకి అప్పుడు రెండేళ్ళు కూడా నిండలేదట. ఆ తర్వాత మీ అత్త భాగీరథమ్మ పాపను నీ చేతికి ఇవ్వలేదట.

బేబీ, పెళ్ళినుంచి తిరిగి వచ్చినప్పటి నుంచీ నీకు ఉత్తరం రాయాలని కూర్చోవడం, లేవడం, ఇదే పని. ఈరోజు రాస్తున్నాను. ఆ ఆట గురించే రాస్తాను. ఐదేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడైనా ఎవరో ఒకరు నీకు అది మొదటినుంచీ చెప్పాలి.

నీలాంబరి అపెరల్స్‌లో నువ్వు చేరిన రోజు నాకు గుర్తుంది. నేను అప్పటికే మూడో లైన్‌లో టైలరుని, నువ్వు హెల్పరువి. పై అంతస్తునుంచి కటింగ్‌వాళ్ళు గుడ్డముక్కల బండిల్స్ విసురుతుంటే మిగతా హెల్పర్లు పక్కకి తప్పుకుని కిందపడ్డాక ఏరుకునేవాళ్ళు. నువ్వు మాత్రం గాల్లోనే పట్టేదానివి. ఒక చేత్తో ఒకటి పట్టి, అది చంకలో పెట్టుకునేలోపు రెండోది పట్టేదానివి. ఫ్యాక్టరీ వాళ్ళు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెడతామని పెద్దమునియప్ప సార్‌ని పిలిపించినప్పుడు ఆయన మెట్లమీద నిలబడి నిన్ను పావుగంట చూశారు. తర్వాత కిందికి వచ్చి, "ఏ పాప, ఇట్ల రా. ఈ పొద్దునుంచి నువ్వు గోలు కాయాల" అన్నారు. నీకు గోలంటే ఏమిటో కూడా తెలియదు.

ఆయన ఎప్పుడో ఒక సర్కారు ఫ్యాక్టరీ జట్టుకి ఆడి రిటైరైన మనిషి. మనల్ని పదహారుమందిని ఏరుకుని, షిఫ్టు అయ్యాక ఎయిర్‌ఫోర్స్ గోడ పక్కనున్న మట్టి మైదానంలో ఏడునెలలు పరుగెత్తించారు. తలమీదుగా విమానాలు పోతుంటే ఆయన అరుపు వినపడేది కాదు, చేతులు ఊపేవారు. నన్ను కెప్టెన్ని చేశారు. నేను వెనక నడుమన, నా పక్కన కెంపమ్మ, మా ఇద్దరి వెనక నువ్వు.

వెనక్కిచ్చే బంతి గురించి ఆయన ఒక వారమంతా నేర్పారు. మనవాళ్ళే కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపరు చేత్తో ముట్టకూడదు, తన్నాలి, ముడితే ఆ ముట్టిన చోటే అవతలివాళ్ళకి ఫ్రీ కిక్కు. ఆ వారంలో నేను నీకు రెండు మూడు వందల బంతులు వెనక్కి ఇచ్చి ఉంటాను. నువ్వు ఒక్కటి కూడా చేత్తో పట్టలేదు. కెంపమ్మ ఎదురుగా నిలబడి "పట్టు, పట్టు" అని ఆటపట్టించినా పట్టలేదు. ఎడమకాలు ముందుకి వేసి కుడికాలితో దూరంగా తన్నేదానివి. సార్ నవ్వి, "చేతులకంటే నీ కాలు బుద్ధి గలది ఉండాది" అనేవారు.

ఆ టోర్నమెంటులో, ఫ్యాక్టరీ జట్లూ కాలేజీ జట్లూ ఆడేదాంట్లో, సెమీఫైనల్ దాకా వెళ్తామని ఎవరూ అనుకోలేదు. మనమూ అనుకోలేదు. అంతకుముందు రెండు ఆటల్లో నువ్వు ఒక్క గోలు కూడా పోనివ్వలేదు. అప్పుడే ఫ్యాక్టరీ హెచ్చార్ మేనేజరు అభిజిత్ సార్ మనల్ని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి మాట్లాడారు. సెమీఫైనల్ గెలిస్తే జట్టు ఉంటుంది, మనకి రోజూ రెండుగంటలు ముందే లైన్ నుంచి సెలవు ఉంటుంది, మనలో పర్మనెంట్ కానివాళ్ళని పర్మనెంట్ చేస్తారు. ఓడితే, "సారీ గర్ల్స్, మేనేజ్‌మెంట్‌కి రిజల్ట్ కావాలి" అన్నారు. పైగా ఆ ఆట చూడటానికి రాష్ట్ర క్యాంపు సెలెక్టర్లు వస్తున్నారని చెప్పారు. మన పెద్దమునియప్ప సార్‌కి ఆ మీటింగ్ నచ్చలేదు. బయటికి వచ్చాక, "ఆటకు ముందు ఈ మాటలు పిల్లలకు ఎందుకు చెప్పాలప్పా" అని తనలో తనే గొణుక్కున్నారు. ఆయన భయపడిందే అయింది.

డిసెంబరు ఎనిమిది, ఆదివారం. వ్యానులో పదహారుమందిమి ఉన్నాం. పొట్లాల్లో ఇడ్లీలు అలాగే చల్లారిపోయాయి. హెబ్బాళ దగ్గర వ్యాను ఆపించి కెంపమ్మ వాంతి చేసుకుంది. నేను బూటు లేసు నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు కట్టాను. నువ్వొక్కదానివే తిన్నావు. నీ పొట్లం తిని, నాది కూడా తీసుకుని, "అక్కా, చట్నీ బాగుండాది, ఏమిటికి తినవు?" అని అడిగావు.

ఆ మైదానమంతా గడ్డి. మనం అప్పటిదాకా మట్టిమీదే ఆడాం. అవతలివాళ్ళు కాలేజీ పిల్లలు, పసుపు చొక్కాలు, అందరూ మనకంటే జానెడు ఎత్తు. వాళ్ళ స్నేహితులు తమటె డప్పులు తెచ్చి గోలు వెనకే నిలబడి వాయిస్తున్నారు. విజిల్ పడింది. మొదటి నిమిషం మనవాళ్ళకి బంతే దొరకలేదు.

రెండో నిమిషంలో వాళ్ళు పొడుగ్గా ఒక బంతి తన్నారు. అది నా తలమీదుగా పోయింది. నేను వెనక్కి తిరిగి పరుగెత్తాను. పసుపు తొమ్మిదో నంబరు నా వెనకే వస్తోంది, ఊపిరి నా మెడకి తగులుతోంది. బంతిని బయటికి తన్నేసి ఉంటే సరిపోయేది. నేను వెనక్కి, నీకు ఇచ్చాను. ఆ తప్పు నాది, అది ఎప్పుడూ ఒప్పుకున్నాను. నువ్వు ముందుకి వచ్చావు. వంగావు. చేతుల్లోకి తీసుకున్నావు.

విజిల్ ఊదినప్పుడు నీకు అర్థం కాలేదు. బంతిని పొట్టకి హత్తుకుని రెఫరీవైపు చూస్తూ నిలబడ్డావు. ఆయన చెయ్యి పైకెత్తాడు. గోలుకి ఇరవై అడుగుల్లో ఫ్రీ కిక్కు. మనం పదిమందిమీ గీతమీద గోడ కట్టాం. వాళ్ళు ఒకరు కదిపి ఒకరు తన్నారు. నా మోకాలికీ కెంపమ్మ మోకాలికీ మధ్యనుంచి పోయింది.

తర్వాత జరిగిందే నేను నీకు చెప్పాలనుకున్నది. ఒక గోలు పెద్ద సంగతి కాదు. ఇంకా ఆటంతా మిగిలి ఉంది. కానీ ఆ గోలు తర్వాత మేం బంతిని చూడటం మానేసి నిన్ను చూడటం మొదలుపెట్టాం. నీకు బంతి ఇస్తే ఏమవుతుందో అని ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. ఇవ్వకుండా ఉండటానికి ఎటు పడితే అటు తన్నాం, తన్నిన ప్రతిదీ పసుపు కాళ్ళకే పోయింది. తొమ్మిదో నిమిషంలో నీ చేతుల్లోకి నేరుగా వస్తున్న బంతిని కెంపమ్మ నీకు వదలలేక తలతో ఆపబోయి మన గోల్లోకే కొట్టింది. అప్పుడు నువ్వు ఆమె ముఖం చూశావు. అప్పటినుంచి నువ్వు కూడా గీత వదలడం మానేశావు. మూడోది నీ ముందునుంచే గాల్లో తేలుతూ వచ్చింది. ఏడునెలల్లో నువ్వు వదలనిది అలాంటి బంతే. చేతులు సగం పైకెత్తి ఆగిపోయావు. నాలుగోదానికి చేతులు కూడా లేవలేదు.

హాఫ్‌టైంలో సార్ నిమ్మనీళ్ళ బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని చెప్పారు. "ఒక గోలు ఆ పాపది. తక్కిన మూడూ మీయందరివి. ఆ పాపకు బంతి ఇయ్యండి, నమ్మండి. ఇంకా సగం ఆట ఉండాది కదప్పా." మేమంతా తల ఊపాం. లోపలికి వెళ్ళాక ఒక్కరమూ ఇవ్వలేదు. ఆరు గోల్సు. మనవి సున్నా.

ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో సార్ నిన్ను ఒకే ఒక్కమాట అడిగారు. ఏమిటికి పట్టుకున్నావమ్మా అని. తిట్టలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నువ్వు, "ఎవరో పట్టుకో అని అరిచినారు సార్" అన్నావు. ఎవరని అడిగారు. నువ్వు కళ్ళు కిందికి దించావు. ఆయన ఒక్కొక్కరినీ అడిగారు. కెంపమ్మ తనకేమీ వినపడలేదంది. నేనూ వినపడలేదన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ అభిజిత్ సార్ విసుగ్గా, "ఈ అమ్మాయికి వాయిసెస్ వినిపిస్తున్నాయంట. ప్లీజ్, ఎవరైనా డాక్టర్‌కి చూపించండి" అన్నారు. కొందరు నవ్వారు. ఓడిపోయి ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆ మాట మనకంటే ముందే ఫ్యాక్టరీకి చేరింది. సోమవారం జట్టు రద్దయిందని బోర్డుమీద కాగితం అంటించారు. అందరినీ మళ్ళీ పూర్తి షిఫ్టుకి లైన్‌లో కూర్చోబెట్టారు. నువ్వు బండిల్స్ మోసుకుని నడుస్తుంటే మిషన్ల మధ్యనుంచి ఎవరో ఒకరు సన్నగా "పట్టుకో" అనేవాళ్ళు. తిరిగి చూస్తే అందరూ తలలు వంచుకుని కుడుతుండేవాళ్ళు. ఒకరోజు నిజంగా అనేవాళ్ళు, ఒకరోజు అనేవాళ్ళు కాదు, నువ్వు రెండు రోజులూ తిరిగి చూసేదానివి. జనవరి నెలాఖరుకి ఏది విన్నావో ఏది వినలేదో నీకే తెలియకుండా పోయింది. పైనుంచి విసిరిన బండిల్ నీ భుజానికి తగిలి కిందపడింది. మార్చిలో పెట్టె సర్దుకుని హిందూపురం వెళ్ళిపోయావు. మీ అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందని, మాత్రలు మొదలయ్యాయని ఎవరో చెప్తే విన్నాను. తర్వాత తిరుపాలుతో పెళ్ళయిందని విని, కుదుటపడ్డావనుకున్నాను. అనుకోవడం సులువుగా ఉండింది.

నా సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆరు గోల్సు తిన్న జట్టులోనుంచి రాష్ట్ర క్యాంపుకి ఒక్కదాన్నే పిలిచారు. కెప్టెన్ చివరిదాకా అరుస్తూనే ఉంది, ఒక్క క్షణం గొంతు తగ్గలేదు అని నా పేరు పక్కన రాసుకున్నారట. అక్కడ రెండేళ్ళు ఆడాను. ఆ సర్టిఫికెట్టుతోనే ఆటగాళ్ళ కోటాలో సర్కారు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మోకాలు పనిచేయదు, ఫైళ్ళ మధ్య కూర్చుంటాను. పెద్దమునియప్ప సార్ మూడేళ్ళ కింద పోయారు. ఆ ఆట తర్వాత ఆయన ఏ జట్టుకీ నేర్పలేదని వాళ్ళింట్లోవాళ్ళు చెప్పారు.

చెల్లీ, ఇదంతా ఎందుకు రాశానంటే, ఆ రోజు ఓడింది నీవల్ల కాదని నీకు తెలియాలి. తప్పు అందరిదీ. అందరం భయపడ్డాం. భయంలో మనిషికి ఏదో వినపడినట్టు ఉండటం కూడా వింత కాదు. నిన్ను నువ్వు తిట్టుకోవడం ఇక మానెయ్యి. మాత్రలు వేళకి వేసుకో. నీకు వీలున్నప్పుడు ఒక కార్డుముక్క రాయి.

నిన్ను మరిచిపోని అక్క,
ఫర్హానా

తాజా కలం: 18 ఆగస్టు, సోమవారం.

పై ఉత్తరం కవరులో పెట్టి అంటించాను. వారం రోజులు నా బ్యాగులోనే ఉంది. పోస్టు డబ్బా ముందునుంచి రోజూ రెండుసార్లు నడిచాను. ఈరోజు కవరు చింపి మళ్ళీ చదివాను. చివరి మాటలు చదువుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది. నీకు ఏదో వినపడినట్టు ఉండటం వింత కాదని రాశాను. ఎంత మర్యాదగా రాశానో చూడు.

బేబీ, "పట్టుకో" అని అరిచింది నేను.

నేను వెనక్కి ఇచ్చిన బంతి అనుకున్నంత జోరుగా పోలేదు. తొమ్మిదో నంబరు నన్ను దాటేస్తోంది. అది నీ దగ్గరికి చేరేలోపే ఆమె అందుకుంటుందనిపించింది. ఆ క్షణంలో నా తలలో రూలు లేదు, సార్ లేరు, ఆ వారమంతా నేర్చుకున్నది లేదు. నోరు తెరుచుకుంది, "పట్టుకోవే!" అని అరిచేశాను. నువ్వు అప్పటికే ఎడమకాలు ముందుకి వేశావు. తన్నబోతున్నావు. నా అరుపు విని ఆ కాలు వెనక్కి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ మైదానంలో భయపడనిదానివి నువ్వొక్కదానివే. భయపడింది నేను. తమటెల మోతలో నా అరుపు నీకు తప్ప ఎవరికీ చేరలేదు. ఎవరికీ చేరలేదని నాకు గదిలో, కెంపమ్మ వినపడలేదన్నప్పుడు తెలిసింది. సార్ నావైపు తిరిగేసరికి నా జవాబు తయారుగా ఉంది.

మర్నాడు రాత్రి, పిండిమర వెనక మనిద్దరం అద్దెకున్న గదిలో, నువ్వు నా ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగావు. "అక్కా, అది నీ గొంతు మాదిరే ఉన్నింది" అన్నావు. ముందురోజు అందరి ముందూ నా పేరు చెప్పలేదు నువ్వు. నేను నీ తలమీద చెయ్యి పెట్టి, నీమీద ఒట్టు, నేను అరవలేదన్నాను. నువ్వు, "అయితే నాకే ఏమో అయినట్టుంది" అన్నావు. నీ చెవులకంటే నన్నే ఎక్కువ నమ్మావు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. క్యాంపు పిలుపు కోసం చూస్తున్నాను, చెప్పలేదు. పిలుపు వచ్చాక ఎలా చెప్పాలో తెలియలేదు. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంటే నాకు ఊపిరి ఆడింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నిన్న ఆదివారం దొడ్డబళ్ళాపురం వచ్చాను. ముందు నీ షెడ్డు దగ్గరికే వచ్చాను. మగ్గాలు నడుస్తున్నాయి. కిటికీలోంచి నీ వీపు కనపడింది. చిక్కిపోయావు. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, నీకు మళ్ళీ నా గొంతు ఎలా వినిపించను? అక్కడినుంచి అడుక్కుంటూ తిరుపాలు ఇంటికి వెళ్ళాను. తిరుపాలు లేడు. భాగీరథమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను ఎవరినో చెప్పి, నీకు చెప్పినట్టే అంతా చెప్పాను. మీ కోడలికి రోగం లేదు, ఆమె విన్నది నిజం, అబద్ధం చెప్పింది నేను అన్నాను. కావాలంటే కాగితంమీద రాసి సంతకం పెడతానన్నాను.

ఆమె చేట పక్కన పెట్టి అంతా విన్నది. కోపగించుకోలేదు. "మీ ఆటలో ఎవరు అరిస్తే మాకేమమ్మా? కాలింది మా పాప చెయ్యి. ఇప్పుడు నువ్వు నిజము చెప్పినావని ఆయమ్మ ఇంగ మొదటి పిలుపుకే లేచి వస్తాదా?" అని అడిగింది. ఆమె మళ్ళీ చేట అందుకుంది.

ఈ కాగితం నీ డాక్టరుకి చూపించు. మాత్రల సంగతి ఆయనే చెప్తాడు, నీ అంతట నువ్వు ఆపకు. ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించు. మా ఆఫీసు అడ్రసు వెనక రాశాను. ఎవరు అడిగినా ఒప్పుకుంటాను. నన్ను క్షమించమని అడగను. అది కూడా నా కోసమే అడిగినట్టు అవుతుంది.

నేను లేచి వస్తుంటే పాప తలుపు చాటునుంచి బయటికి వచ్చింది. పొడుగు చేతుల గౌను వేశారు. నీ కళ్ళే. నీ పేరేమి అని అడిగితే "అనూష" అంది. మీ అమ్మ పేరేమి అని అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.